మేనమరదలి చీర

శనివారం హరూర్‌లోని పెళ్ళికూతురు కణ్ణగి ఇంటికి పసుపు, చీరలు పట్టుకుని ధర్మపురి చింతపండు మండీవాళ్ళంతా వ్యాను కట్టుకుని వెళ్ళారు. వాళ్ళలో శృతి కూడా ఉంది. పెళ్ళికొడుకు ముకేష్‌కు ఆమె మేనత్త కూతురు. తల్లి వినోదిని ధర్మపురి పిల్ల. తండ్రి కరియుకి కెన్యావాడు. సేలంలో ఫార్మసీ చదవడానికి వచ్చి వినోదినిని ఇష్టపడి పెళ్ళాడి, తన ఊరు నకూరుకు తీసుకుపోయాడు. కూతురికి ఆరేళ్ళప్పుడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. తల్లీకూతుళ్ళు ధర్మపురికి తిరిగివచ్చారు. శృతికి తండ్రి రంగు, తండ్రి జుట్టు, అమ్మకు అమ్మ అయిన అవ్వ జానకమ్మ ముక్కు వచ్చాయి. కణ్ణగి పెద్దమ్మ ఆమెను తేరిపార చూసి, "ఈ అమ్మాయి ఎవరు?" అని రామసామిగారిని అడిగింది. ఆయన జానకమ్మకు మరిది, పెళ్ళికొడుకు ఇంటికి పెద్ద. ఆయన కాసేపు తడబడి, "తెలిసినవాళ్ళ పిల్ల" అన్నాడు.

ఆ మాట శృతి వింది. వ్యానులో కిటికీ పక్కన కూర్చుని, ఇల్లు చేరేదాకా బయటికే చూసింది. ముకేష్ కూడా విన్నాడు. వాడు విని ఊరుకునే రకం కాదు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మండీ వెనకే ఇల్లు కావడంతో హాలంతా కొత్త చింతపండు వాసన. వినోదిని, ఆమె వదిన మణిమేగలై చాప మీద కూర్చుని తాంబూలం సంచుల్లో వక్కలు, పసుపుకొమ్ములు వేస్తున్నారు. మణిమేగలై భర్త, అంటే ముకేష్ తండ్రి రాజేంద్రన్, పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నాడు. ఇంట్లో గొడవ వచ్చేలా ఉంటే ఆయనకు ఎక్కడలేని నిద్ర వస్తుంది. రామసామిగారు ఉయ్యాలబల్ల మీద కూర్చుని వక్క నములుతున్నారు.

ముకేష్ వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"చిన్నతాతా, ఒక మాట. తాళికి మొదటి ముడి నేనేస్తా. మిగతా రెండు ముళ్ళు శృతి ఏస్తాది. నాకు అక్కచెల్లెండ్లు లేరు కద."

ఆంధ్ర వైపు మూడు ముళ్ళూ పెళ్ళికొడుకే వేస్తాడు. తమిళనాట చాలా ఇళ్ళల్లో అతనిది ఒక్క ముడే. మిగిలిన రెండూ ఆడపడుచు వేస్తుంది. ఎన్ని తరాల కిందటో వెళ్ళి స్థిరపడిన ఈ తెలుగువాళ్ళకు కూడా అదే అలవాటైపోయింది. ఆ ముళ్ళు వేసే పిల్ల ఎవరని పెళ్ళికి వచ్చినవాళ్ళు అడగరు. ఇంటి ఆడపిల్ల కాకపోతే అక్కడ నిలబడనే నిలబడదు. ముకేష్ ఎత్తుగడ అదే.

"మోనిష ఉండాది కద," అన్నాడు రామసామి. "నా మనమరాలు. దాయాది పిల్ల, నీకు చెల్లెలి వరస. ఆ పిల్ల ఏస్తాది."

"మోనిషను నేను పండగకో పబ్బానికో చూస్తా. శృతి నాతో పెరిగింది."

"పెరిగితే? ఆ పిల్ల మన జాతి ఎట్లయితాది? నాయనది ఏ దేశం, ఏం కులం, ఏం గోత్రం? పందిట్లో నలుగురు అడిగితే నేనేం చెప్పేది?"

"తెలిసినవాళ్ళ పిల్ల అని చెప్పండి. నిన్న చెప్పినారు కద."

రాజేంద్రన్ మొహం మీద పేపరు కదిలింది. వినోదిని చేతిలో వక్కలు చేతిలోనే ఉండిపోయాయి. తలెత్తలేదు. పుట్టింటికి తిరిగివచ్చిన ఆడది కొన్ని మాటలు వినీ విననట్టు ఉండాలని ఆమె ఏనాడో నేర్చుకుంది.

శృతి వంటింటి గుమ్మంలో మజ్జిగ గ్లాసులతో ఆగిపోయింది. ఇది ఆమెకు కొత్త కాదు. ఆమె వత్తల్‌మలై కొండ మీద కాఫీ, మిరియాలు పండించే రైతుల సంఘంలో పని చేస్తుంది. రోజూ కొండ బస్సులో ఎవరో ఒకరు, "ఏ దేశం?" అని ఇంగ్లీషులో అడుగుతారు. ఆమె ధర్మపురి తమిళంలో జవాబు చెబితే అవాక్కవుతారు. ఇక్కడ ఆమె ఆఫ్రికా పిల్ల. చిన్నప్పుడు నకూరు బళ్ళో తోటిపిల్లలు ఆమెను ముహిందీ అనేవారు. ఇండియా మనిషి అని దానర్థం. పిల్ల అదే, ఒళ్ళు అదే. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి సగం కనిపించదు, రెండో సగమే కనిపిస్తుంది. జాతి అనేది నిజంగా ఒంట్లోనే ఉంటే విమానం ఎక్కి దిగేసరికి మారిపోకూడదు కదా. ఇదంతా ఆమె ఎప్పుడో ఆలోచించి, నవ్వుకుని వదిలేసింది. కాని "తెలిసినవాళ్ళ పిల్ల" అన్న మాటను మాత్రం నవ్వి వదలలేకపోయింది.

ఆ మాటకొస్తే రామసామిగారి సంగతీ అంతే. ధర్మపురిలో ఆయన తెలుగాయన. తిరుమల క్యూలో నిలబడి తెలుగు మాట్లాడితే, వెనకవాళ్ళు "అరవాయన తెలుగు బాగానే నేర్చాడే" అన్నారని ఏడాదిపాటు రగిలిపోయాడు. రంగు విషయానికొస్తే ఆయన పక్కన శృతి నిలబడితే ఎవరు ఎక్కువ నలుపో చెప్పడానికి దీపం తెచ్చుకోవాలి.

శృతి గ్లాసులు అందించి ఆయన పక్కనే నిలబడింది.

"తాతా, చింతచెట్టు ఎక్కడిదో తెలుసునా మీకు?"

"ఇదేం ప్రశ్న? మనదే."

"ఆఫ్రికాది. ఎన్ని వేల ఏండ్ల కిందటో ఇక్కడికి వచ్చింది. చదువుకొన్న పుస్తకంలోనే ఉండాది."

"సరి సరి. రేపు మా అవ్వ కూడా ఆఫ్రికాదే అంటావు."

"అందరి అవ్వా అక్కడిదేనంట."

మణిమేగలై కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రామసామి నవ్వలేదు. తరతరాలుగా తన ఇంట్లో పొయ్యి వెలిగించిన చెట్టు పరాయిదంటే ఏ వ్యాపారికి నవ్వొస్తుంది? ఆయన మొహం చూసి శృతికి జాలేసింది. పెళ్ళింట్లో తన మూలంగా రచ్చ ఎందుకని ముకేష్ వైపు తిరిగింది.

"వద్దులే అన్నా. మోనిషే ఏయనీ. నేను కింద కూర్చొని చూస్తా."

అంతే. రామసామిగారు ఉయ్యాల మీంచి దిగ్గున లేచారు.

"అన్నా ఏంది, అన్నా? మేనమామ కొడుకును అన్నా అంటారా ఎవరన్నా? బావ అనాల. మేమందరం చచ్చినామా వరసలు చెప్పేదానికి? ఇది చెల్లెలంట, ముళ్ళు ఏస్తాదంట. మేనమరదలు పోయి ఆడపడుచు ముడి ఏస్తే, చూసేవాళ్ళు ఉమ్మెయ్యరా? పెండ్లాడేదానికి వరసైన పిల్ల అది."

పేపరు కిందికి జారింది. రాజేంద్రన్ కళ్ళు తెరిచే ఉన్నాయి.

దేవుడి గదిలోంచి జానకమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, నడక నిదానం, వినికిడి మాత్రం గట్టిది.

"ఏమంటివి రామసామీ?"

"ఏమనలేదు వదినా. ఈ కాలం పిల్లకాయలకు వరసలు తెలియలేదు అంటిని."

"అది కాదు. నా మనమరాలిని ఏమంటివి?"

రామసామి వక్క మింగాడు.

"మేనమరదలంటివి," అంది జానకమ్మ. "తెలిసినవాళ్ళ పిల్లకు బావ ఉంటాడా? వేరే జాతి పిల్లకు మన ఇంట్లో వరస కుదురుతాదా? ఉంటే వరస ఉండాల, లేకుంటే లేదు. ఏదో ఒకటి చెప్పు."

తాను తవ్విన గోతిలో తానే పడ్డాడని అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది. రామసామిగారికి జాతి గురించి ఎన్ని సందేహాలైనా ఉండొచ్చు, వరస గురించి మాత్రం ఒక్కటీ లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ లెక్కలో శృతికి చోటు ఎప్పటినుంచో ఉంది. ఆయన దాన్ని పైకి అనలేదు, అంతే. కోపంలో తన్నుకుంటూ బయటికొచ్చేసింది.

ఇంతవరకూ నోరెత్తని మణిమేగలై అప్పుడు మెల్లగా అందుకుంది. ఆమె పేరుకు కోడలే కాని, సమయం చూసి వేసే మాటలో ఆమెను మించినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

"అట్లయితే మామా, మరదలి చీర మాటేమి? పోయిన ఏడు బొమ్మిడి మేనమామవాళ్ళు మన మోనిషకు ఇయ్యలేదని మీరు ఆ పెండ్లికే పోకుండా నిలిచిపోతిరి."

మరదలి చీర ఆ కుటుంబాల్లో పాత పద్ధతి. మేనమరదలిని కాదని పెళ్ళికొడుకు బయటి సంబంధం చేసుకుంటే, పందిరి రాట నాటకముందే ఆమెకు చీర, పసుపు, తాంబూలం పెట్టి, "మాకు సమ్మతమే" అనిపించుకోవాలి. పెళ్ళికొడుకు వైపు పెద్దే తన చేతులతో ఇవ్వాలి. పిల్ల ఫలానావారి కూతురు, ఫలానావారి మనమరాలు అని తండ్రి వైపు పేర్లు పదిమందిలో చెప్పి మరీ ఇవ్వాలి. ఇప్పుడు చాలామంది మానేశారు. మానేసినవాళ్ళ మీద అందరికంటే ఎక్కువ మండిపడేది రామసామిగారే.

ఆయన ఊగుతున్న ఉయ్యాలను గొలుసు పట్టుకుని ఆపాడు. మొండివాడే కాని దొంగ మనిషి కాదు. తనకో న్యాయం, ఎదుటివాడికో న్యాయం అనడం ఆయనకు చేతకాదు.

"ఇయ్యాల్సిందే," అన్నాడు చివరికి. "వరస వరసే."

వినోదిని మొహం తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ముకేష్ నోరు తెరవబోతే జానకమ్మ కళ్ళతోనే ఆపింది. గెలిచినప్పుడు మాట్లాడకూడదని ఆమెకు తెలుసు.

రామసామి శృతి వైపు తిరిగాడు. ఆమె ఆ ఇంట్లో పెరిగినన్నాళ్ళలో ఆయన ఆమెను మజ్జిగ తెమ్మన్నాడు, ఫ్యాను వెయ్యమన్నాడు. ఆమెకు మాత్రమే తెలిసిన సంగతి ఒక్కటీ అడగలేదు.

"పాపా, మీ నాయనకు నాయన పేరేమి?"

"మ్వాంగి, తాతా."

"మువాంగి." ఆయన నోట్లో తిప్పిచూసుకున్నాడు. "మ్వాంగి. ఆయనకు నాయన?"

"కరియుకి. మా నాన్నకు వాళ్ళ తాత పేరే పెట్టినారు."

"మన మాదిరే," అన్నాడు ఆయన, అప్రయత్నంగా.

"నాకు కూడా తాతా. ఇక్కడ శృతి, అక్కడ వంజిరు. నాయనమ్మ పేరు అది. మొదటి ఆడపిల్లకు నాయనమ్మ పేరే పెడతారు వాళ్ళు."

"మంచి పద్ధతి," అని రామసామి ఒప్పుకున్నాడు. తరవాత ఆయనకు ఇంకో చిక్కు తట్టింది. "చీర ఇచ్చేది నేను సరి. తీసుకొనేది ఎవరు? పిల్ల నాయన పక్క పెద్దలు తీసుకోవాల. పిల్ల అనేది నాయనింటి సొత్తు కద. వాళ్ళు లేకుండా నేను ఎవరి చేతిలో పెట్టేది?"

తప్పించుకోవడానికి ఇదొక సాకేమోనని ముకేష్ అనుమానం. కాని ఆయన మొహంలో నిజమైన దిగులే కనిపించింది. పద్ధతి సగంలో ఆగిపోతుందేమోనన్న దిగులు. శృతి ఇంకేం మాట్లాడకుండా ఫోన్ తీసి నకూరుకు వీడియో కాల్ కలిపింది.

అవతల షోషో కనిపించింది. నాయనమ్మను శృతి అలాగే పిలుస్తుంది. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తలకు నీలం గుడ్డ ఇంకా విప్పలేదు. శృతి భుజం మీదుగా జానకమ్మ కనిపించగానే ఆమె మొహం విప్పారింది. ఇద్దరూ ఒకేసారి చేతులూపారు.

ఆ ఇద్దరు ముసలమ్మల మధ్య ఒక్క ఉమ్మడి మాట లేదు. ఒక తల మాత్రం ఉమ్మడిగా ఉండేది. ధర్మపురికి వచ్చిన కొత్తలో శృతి జుట్టు దువ్వబోతే దువ్వెన పళ్ళు విరిగేవి, పిల్ల ఏడ్చేది. గుండు చేయించి మళ్ళీ వచ్చే జుట్టు చూద్దామని ఇరుగుపొరుగు సలహా ఇచ్చారు. జానకమ్మ వినలేదు. కొడుకుతో చెప్పించి కంప్యూటరు సెంటరుకు వెళ్ళి, తెర మీద షోషోను కూర్చోబెట్టుకుని, ఈ పక్క పిల్లను ఒళ్ళో పెట్టుకుని నేర్చుకుంది. ఎక్కడ పాయ తియ్యాలో షోషో తన తల మీద చూపిస్తుంది, ఈమె ఇక్కడ తీస్తుంది. తప్పు చేస్తే షోషో నాలుక చప్పరిస్తుంది. అలా ఎన్నో ఆదివారాలు. శృతి తలలో పాయలు ఒక్క నొప్పి లేకుండా అల్లగలిగిన ధర్మపురి అవ్వ జానకమ్మ ఒక్కతే. తనకు రెండు వైపులా ఇంత ప్రేమ దొరికిందని శృతికి గుర్తొచ్చినప్పుడల్లా దేవుడికి దండం పెట్టుకోవాలనిపిస్తుంది. ఇప్పుడూ అనిపించింది.

రామసామి ముందుకొచ్చాడు. మనసులో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి. అన్న కూతురికి అత్తగారు. అంటే వియ్యపురాలు. చేతులు జోడించాడు.

"నమస్కారం వదినా. బాగుండారా?"

శృతి నవ్వు ఆపుకుని, స్వాహిలిలో నాయనమ్మకు అంతా వివరించింది. బావ వరస, చీర, పేర్లు, అందుకోవడానికి తండ్రి వైపు పెద్ద ఉండాలన్న సంగతి. షోషో తల పంకిస్తూ వింది.

"అంటే, పిల్ల తండ్రి ఇంటిదని ఆ పెద్దాయనే అన్నాడా?"

"అవును షోషో."

"బుద్ధిమంతుడు. మా పెద్దలదీ అదే మాట. అయితే నేనే వస్తాను. ఆ చీర అందుకుంటాను, పెళ్ళి కళ్ళారా చూస్తాను. మీ అవ్వ కాళ్ళకు దండం పెడతాను, ఇన్నేళ్ళు పెంచినందుకు. తరవాత మా ఇంటి పిల్లను మా ఇంటికి తీసుకుపోతాను."

శృతి సగం వరకు తెలుగులో చెప్పి ఆగింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. మిగతాది కూడా చెప్పింది.

జానకమ్మ తలుపు రెక్క పట్టుకుంది. మొదట మాట్లాడింది ఆమె కాదు.

"అదెట్ల?" అన్నాడు రామసామి. "పెండ్లికి రానీ, పది దినాలు ఉండనీ, నా ఇంట్లోనే ఉండనీ, నేనే చూసుకొంటా. పిల్లను తోడుకొని పోయేదేంది? ఇది మా పిల్ల. మా పిల్లను పంపించేదానికి అయ్యేది లేదని చెప్పు పాపా."

నిన్న హరూర్‌లో దొరకని మాట ఇవాళ అడక్కుండానే వచ్చింది. మా పిల్ల. శృతికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆ ముసలాయన కాళ్ళ మీద పడి థాంక్స్ చెప్పాలనిపించింది. నిన్నటి మాట మీద ఉన్న బాధ అంతా కరిగిపోయింది. ఇంకేమీ అక్కర్లేదు అనుకుంది.

ఫోన్లో షోషో కళ్ళజోడు సర్దుకుని తెరకు దగ్గరగా వచ్చింది.

"వాళ్ళెందుకు అట్లా బెదిరిపోయారు? నువ్వు వాళ్ళకు చెప్పలేదా తల్లీ? వచ్చి నన్ను తీసుకుపో, నాకిక్కడ ఎవరూ లేరు అని నిన్న ఏడుస్తూ అడిగింది నువ్వే కదా. టికెట్టు కూడా చూసిపెట్టాను."

"ఏమంటాది?" అన్నాడు రామసామి ఆత్రంగా. "నేను చెప్పింది చెప్పినావా? ఏమంటాది?"

శృతి పెదాలు ఎప్పుడు కదులుతాయా అని అందరూ ఎదురుచూస్తున్నారు, ఒక్కరు తప్ప. నకూరులో కాపురం చేసి, కొట్లో బేరాలాడి, అత్తగారితో అన్నీ స్వాహిలిలోనే మాట్లాడిన వినోదినికి తర్జుమా అక్కర్లేదు. ఆమె తాంబూలం సంచి పక్కన పెట్టి, చాప మీంచి లేచి కూతురి దగ్గరికి వచ్చింది.

"నీకిక్కడ ఎవరూ లేరా?" అని అడిగింది. మిగతావాళ్ళకు తెలియకూడదని స్వాహిలిలోనే అడిగింది. భర్త పోయి ఆ ఊరు వదిలాక ఆమె నోట ఆ భాష రావడం అదే మొదటిసారి.